కండక్టరమ్మగారి సెల్లారు

కండక్టరమ్మ బస్సు దిగి చాలా కాలమైంది గానీ, ఆవిడలోంచి బస్సు ఇంకా దిగలేదు. ఇంటికొచ్చినవాళ్లు గుమ్మంలోనే నిలబడి కబుర్లు మొదలుపెడితే, "లోపలికి జరగండి, లోపలంతా ఖాళీయే" అంటుంది. అబద్ధమాడేవాణ్ణి చూపు పడగానే పట్టేస్తుంది. టిక్కెట్టు కొననివాడి ముఖం ఎలా ఉంటుందో ఉద్యోగమున్నన్నాళ్లూ చదివిన మనిషికి మిగతా అబద్ధాలు ఒక లెక్కా.

ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక భారీ మనిషి ఆ బస్సు ఎక్కేవాడు. టిక్కెట్టు అడిగితే మీసం మీద చెయ్యి వేసుకునేవాడు. మగ కండక్టర్లే వాడి జోలికి పోయేవారు కాదు. కండక్టరమ్మ వాడితో గొడవపడలేదు. పక్కన ఖాళీగా ఉన్న సీట్లో కూర్చుని, "అన్నయ్యా, మా అత్తగారికి ఒంట్లో బాగుండటం లేదు" అని మొదలుపెట్టింది. అత్తగారి మోకాళ్లు, నడుము, అజీర్తి అయ్యి, కథ మూత్రపిండాల దాకా వచ్చేసరికి వాడు టిక్కెట్టు కొన్నాడు. మర్నాడు ఎక్కుతూనే కొన్నాడు. అప్పటికి ఆవిడకి పెళ్లే కాలేదు.

తర్వాత అయింది. పెళ్లికొడుకు మిల్లులో మోటార్లు బాగుచేసే మెకానిక్కు. మాట తక్కువ, చేతిలో పనితనం ఎక్కువ. ఆగిపోయిన యంత్రం మీద ఆయన చెయ్యి వేస్తే సిగ్గుపడి తిరుగుతుందని మిల్లులో చెప్పుకునేవారు. ఉద్యోగ విరమణ అయ్యాక ఆయన ఇంటి అడుగున ఉన్న సెల్లారులోకి మకాం మార్చాడు. మెట్లు దిగి వెళ్లాల్సిన గది అది. పైకప్పుకి దగ్గరగా వీధివైపు రెండు చిన్న కిటికీలు. వాటిలోంచి చూస్తే దారినపోయేవాళ్ల పాదాలు తప్ప మరేమీ కనిపించవు. అక్కడ ఒక బల్ల వేసుకుని వీధిలోవాళ్ల ఫ్యాన్లు, మిక్సీలు, రేడియోలు, ఇస్త్రీ పెట్టెలు ఊరికే బాగుచేసి ఇస్తానన్నాడు. ఊరికే అనే మాట వింటే బాగున్న వస్తువు కూడా పాడైపోతుంది. జనం తెచ్చి కుప్పలు పోశారు.

మొదట్లో ఇవాళ ఇస్తే రేపు చేసిచ్చేవాడు. పోనుపోను ఆ రేపు నోటిమాటగా మిగిలింది. ఎవరొచ్చినా, "అయిపోవచ్చింది, రేపు రండి" అనేవాడు. చివరికి వీధిలో పిల్లామేకా ఆయనకి రేపుగారు అని పేరు పెట్టేశారు. సెల్లారు తలుపుకి తాళం పడింది. తాళంచెవి ఆయన చొక్కా జేబులో ఉండేది, చొక్కా ఉతకడానికి వేస్తే పిడికిట్లో ఉండేది.

"అందులో ఏముందండీ అంత దాచడానికి?" అని కండక్టరమ్మ అడిగితే, "నీకు అర్థం కాదులే" అనేవాడు. మోటార్ల సంగతి తనకి నిజంగానే అర్థం కాదు కాబట్టి ఆవిడ వదిలేసింది.

ఇలా ఉండగా చుట్టాల పెళ్లి వచ్చింది. ఇంటిల్లిపాదీ పొరుగూరు వెళ్లారు. వీళ్లు అక్కడ విందులు తింటుంటే ఇక్కడ మేడ మీది నీళ్ల తొట్టి నుంచి దిగే పైపు సెల్లారు మూలలో అతుకు దగ్గర విడిపోయింది. తొట్టి ఖాళీ కాగానే దానంతటది నింపే మోటారును కొడుకు అంతకుముందే ముచ్చటపడి పెట్టించాడు. ఇంట్లో ఎవరూ లేరని ఆ మోటారేమీ బద్ధకించలేదు. అది నింపుతూ వచ్చింది, పైపు వదులుతూ వచ్చింది.

తిరిగొచ్చాక సంచులు దింపుతుంటే మొదట పసిగట్టింది కోడలు. ఆసుపత్రిలో నర్సు కాబట్టి చిన్న చప్పుడుకి కూడా చెవి ఒగ్గుతుంది.

"అత్తయ్యా, కింద ఎవరో పుక్కిలిస్తున్నట్టు లేదూ?"

తాళం తీయమంటే ఆయన నీళ్లు నమిలాడు. తీశాక, నమలడానికి కావలసినన్ని నీళ్లు కనిపించాయి. సగం మెట్లు మునిగిపోయాయి. మిక్సీ గిన్నెలు, అట్టపెట్టెలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ తీరుబడిగా షికారు చేస్తున్నాయి. కొడుకు ప్యాంటు మడిచి దిగబోయాడు.

"హోల్డాన్" అని ఒక్క కేక వేసింది కండక్టరమ్మ. అటు రోడ్డు మీద పోతున్న ఆటో కూడా ఆగింది. "ముందు కరెంటు మెయిన్ కట్టెయ్. తర్వాత పైన తొట్టి వాల్వు. ఆ తర్వాత నీ వీరత్వం చూపిద్దువుగాని."

కొడుకు అద్దెకి ఇంజను పంపు తెచ్చాడు. అది రోజంతా దగ్గుతూ నీళ్లు వీధి కాలవలోకి తోడింది. సాయంత్రానికి నేల కనబడింది. నేలంటే నేల కాదు, కాలు పెడితే చెప్పు ఊడదీసుకునే బురద. చెక్క అరలు ఉబ్బి నోళ్లు తెరిచాయి. గోడల గిలాబు చేత్తో తాకితే పెచ్చులూడుతోంది. తడిగుడ్డ మూటగట్టి మరిచిపోయినప్పటి ముక్కవాసన గదంతా.

"ఇక మీరంతా పైకి వెళ్లండి. నేను నెమ్మదిగా సర్దుకుంటాను" అన్నాడు రేపుగారు.

"పదండి, నేనూ వస్తాను" అని కండక్టరమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి దిగింది.

దిగి చూసి ఆశ్చర్యపోయింది. గదిలో చెత్త ఉంటుందనుకుంది ఆవిడ. చెత్త కాదు. పై అరల్లో నీళ్లు అందని చోట ఒక్కొక్క వస్తువూ విప్పి, తుడిచి, దాని మరలు దానికి కట్టిన చిన్న డబ్బాలో వేసి, డబ్బా మీద ఎవరిదో రాసి పెట్టి ఉంది. దర్జీ ఫ్యాను. ఎదురింటి టీచరమ్మ ఇస్త్రీ పెట్టె. అన్నీ విప్పినవే. ఏదీ బిగించింది కాదు. ప్రతి దాంట్లోనూ చివరి తీగ రెండు ముక్కలుగా గాలిలో నిలబడి ఉంది.

"ఇంత చేసి ఆ తీగ అతకలేదేం?"

"టంకం పెట్టాలి దానికి" అన్నాడాయన. "సన్నపని."

"పెట్టొచ్చుగా?"

ఆయన పై అర మీదికి చెయ్యి చాచాడు. టంకం కరిగించే కడ్డీ తీసి తీగ దగ్గరికి తీసుకెళ్లాడు. కరెంటు లేదు, కడ్డీ చల్లగానే ఉంది. అయినా దాని మొన గాలికి రెపరెపలాడే ఆకులా ఊగింది. తీగకి ఇటు ఒకసారి, అటు ఒకసారి తగిలింది గానీ, తీగ మీద నిలవలేదు. ఆయన కడ్డీ కింద పెట్టేసి, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

కండక్టరమ్మకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కొన్నాళ్లుగా గ్లాసు సగమే నింపమంటున్నాడు. అందరూ తిన్నాక తింటానంటున్నాడు. పెళ్లిలో పక్కవాళ్లు కలంతో చదివింపులు రాయమంటే కళ్లజోడు తేలేదన్నాడు. కళ్లజోడు ఆయన ముక్కు మీదే ఉంది. ఎన్ని వేల మంది ముఖాలు చదివి ఏం లాభం, ఇంట్లో కూర్చున్న ప్రయాణికుణ్ణి మాత్రం తను ఏనాడూ తనిఖీ చేయలేదు.

"ఎన్నాళ్లనించి?"

"ఏది?"

"నన్ను తిప్పకండి. చెయ్యి."

"చాలా కాలమైంది. డాక్టరుకి చూపించాను. వయసుతో వచ్చే వణుకట. ప్రాణానికేం ఫరవాలేదు, కానీ పోదు అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే స్టేజీ స్టేజీకీ చెప్పుకుంటూ పోతావని."

ఆ మాటకి ఆవిడకి కోపం రావాలి. నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు మండాయి, బ్లీచింగు పౌడరు ఇంకా చల్లనైనా లేదు.

"వాడికి కూడా చెప్పకు" అన్నాడాయన, కొడుకు గురించి. "చెబితే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటి కప్పుతాడు. వీధిలోవాళ్లకి అసలే వద్దు. చేతకాక దాచుకున్నాడు అనుకుంటారు. నా పరువు పోతుంది."

"మీ పరువు సంగతి నాకు వదిలెయ్యండి."

"నా భయమంతా అదే" అన్నాడు రేపుగారు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ సామానంతా పైకి ఎక్కించి ప్రహరీ గోడ పొడవునా ఎండలో వరసగా నిలబెట్టింది. ఫ్యాన్లన్నీ ఒక చోట, మిక్సీలన్నీ ఒక చోట. చూడటానికి బస్టాండులో ప్రయాణికుల్లా ఉన్నాయి. ఆయన కిటికీ చాటు నుంచి చూసి కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు.

ముందుగా వచ్చినవాడు దర్జీ. దుకాణం తెరవడానికి పోతూ తన ఫ్యాను గుర్తుపట్టి ఆగిపోయాడు.

"ఇది నాది కదక్కా? అయిపోవచ్చిందని కదా రేపుగారు అంటుంటారు? దీని రెక్కలే వేరుగా ఉన్నాయి."

"ఆయన్నేం అనకు నాయనా. ఆయన ఎప్పుడో బాగుచేసేవారు. నేనే చెయ్యనివ్వలేదు" అంది కండక్టరమ్మ, ముఖంలో చుక్క సిగ్గు లేకుండా. "సెల్లారుకి తాళం వేసిందెవరనుకున్నావు? నేను."

"మీరా? ఎందుకక్కా?"

"నా జాకెట్టు బిగుతైందని తెస్తే మీ ఆవిడేమంది? గుడ్డ అదే ఉందమ్మా, మీరే మారారు అంది. ఆ మంట నాకింకా చల్లారలేదు."

పెళ్లాం అలా అనే ఉంటుందని అతనికి ఏ మూలో నమ్మకం ఉంది.

"సరే, అయిందేదో అయింది" అని ఆవిడ మెత్తబడినట్టు నటించింది. "ఇప్పుడు ఫ్యాను కావాలా వద్దా? కావాలంటే ముందు కింద నుంచి రెండు తట్టల బురద పైకి తెచ్చెయ్. వరసలో నీ నెంబరు ముందుకేస్తాను."

దర్జీ బురద మోశాడు. మోసి పైకొచ్చేసరికి గేటు దగ్గర ఎదురింటి టీచరమ్మ తన ఇస్త్రీ పెట్టెని చేతిలోకి తీసుకుని పరీక్షగా చూస్తోంది. ఆవిడ మీద కండక్టరమ్మకి అంతకన్నా పాత పగ సిద్ధంగా ఉంది.

"మావాడు చిన్నప్పుడు మీ దగ్గర చదువుకున్నప్పుడు లెక్కల్లో సున్నా వేశారు మీరు. గుర్తుందా?"

"వాడు తెల్లకాగితం ఇచ్చాడండీ" అంది టీచరమ్మ.

"తెల్లగా ఉంచాడు కదా, శుభ్రతకైనా రెండు వెయ్యొచ్చు. అందుకే మీ పెట్టె మూలన పడేయించాను. పాపం ఆయన బతిమాలారు కూడా. నేను వినలేదు."

టీచరమ్మకి బురద తట్ట ఇవ్వడానికి కండక్టరమ్మకే మనసొప్పక, మెట్లు కడిగే చీపురు ఇచ్చింది. మధ్యాహ్నానికి వార్త వీధంతా పాకింది. వచ్చినవాళ్లకి వచ్చినట్టు ఒక్కొక్కరికీ ఒక్కొక్క పగ తయారుచేసి చెప్పింది ఆవిడ. ఒకాయన కారు హారన్ మోగించి తన కునుకు చెడగొట్టాడు. ఒకావిడ ఇచ్చిన ఊరగాయలో ఉప్పు ఎక్కువైంది. ఆఖరికి వచ్చిన మనిషికి ఏ తప్పూ దొరక్క, "మీరు నన్ను చూసి ఎప్పుడూ నవ్వుతారు, అది నాకు నచ్చదు" అంది. తలా ఒక పని అందుకున్నారు. బురద పోయింది, ఉబ్బిన చెక్కలు బయటికొచ్చాయి, నేల కడిగారు, బ్లీచింగు పౌడరు చల్లారు.

అంతా అయ్యాక వస్తువులు అడిగితే, "తడిసిన యంత్రానికి కరెంటు పెడితే కాలి కూర్చుంటుంది. బాగా ఎండాలి. ఆయనే చూసి ఇస్తారు" అంది. చేతుల్లో పెట్టింది మాత్రం వరస నెంబరు రాసిన అట్టముక్కలు. అట్ట చేతికొచ్చేసరికి, అదేమి అలవాటో, ఒక్కరూ నోరెత్తలేదు. బుద్ధిగా జేబుల్లో దాచుకుని వెళ్లారు.

పోతూ పోతూ అందరూ రేపుగారి దగ్గర ఆగారు. "ఇన్నేళ్లు ఎలా భరించారండీ?" అని దర్జీ ఆయన భుజం తట్టాడు. టీచరమ్మ, "మీ సహనం ఎవరికీ రాదు" అంది. ఆయన తేలుకుట్టిన దొంగలా కిక్కురుమనలేదు. అందరూ వెళ్లాక మాత్రం ఉండబట్టలేకపోయాడు.

"నిన్ను పట్టుకుని గయ్యాళి అంటున్నారే."

"కొత్తగా అంటున్నారా ఏమిటి?" అని ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. నిజానికి ఆవిడకి ఆ రోజు ఎంత హాయిగా గడిచిందంటే, ఇలాంటి పగలు నిజంగా పెట్టుకుని ఉండాల్సిందని కూడా అనిపించింది.

గోడల పని మేస్త్రీకి అప్పగించారు. పొడుగ్గా, సన్నగా, మాట్లాడే ముందు ఒకసారి పైకప్పు వంక చూసే మనిషి అతను. తడి ఎంతవరకు ఎక్కిందో అంతకన్నా జానెడు పైదాకా గిలాబు గీకించేశాడు. ఇటుకలు బయటపడ్డాయి. విడిపోయిన పైపు మార్పించాడు. కిటికీలు బార్లా తీయించి, ఇంట్లో ఉన్న ఫ్యాన్లు దించి గోడలకి ఎదురుగా పెట్టించాడు.

"గోడ ఆరనిదే గిలాబు వెయ్యనమ్మా. తడి మీద వేస్తే లోపలే కుళ్లి, బూజు మళ్లీ బయటికొస్తుంది" అన్నాడు.

ఆరిందో లేదో చూడటానికి అతనికొక పద్ధతి ఉంది. పల్చటి ప్లాస్టిక్ ముక్కని గోడకి ఆనించి నాలుగంచులా టేపు అంటిస్తాడు. లోపల తడి మిగిలి ఉంటే మర్నాటికి ప్లాస్టిక్ వెనక చెమట బిందువులు పడతాయి. లేకపోతే పడవు. అలాంటి ముక్కలు గోడకొకటి అంటించి వెళ్లాడు.

సరిగ్గా అప్పుడు కొడుకు ఒక పిడుగు వేశాడు. అతనికి చెప్పుల దుకాణం ఉంది. కొత్త సరుకు దిగే వేళైంది, పెట్టెలు పెట్టుకోవడానికి చోటు లేదు.

"గోడ ఆరగానే సెల్లారు నాకిచ్చెయ్యి నాన్నా. గోడౌను చేసుకుంటాను. నువ్వూ ఇక ఆ బాదరబందీ వదిలి విశ్రాంతి తీసుకో."

రేపుగారు కంచంలోకి చూస్తూ, "నీ ఇష్టంరా" అన్నాడు. ఆయన 'నీ ఇష్టం' అన్నాడంటే తనకి ఇష్టం లేదని కండక్టరమ్మకి తెలుసు. ఎదురు చెబితే కారణం చెప్పాలి. కారణం వాడికి చెప్పొద్దని ఆయన మాట. కొడుకుతో గొడవపడితే కోడలు బాధపడుతుంది. ఆవిడ అన్నం కలుపుతూ చాలాసేపు ఆలోచించింది. గోడ ఆరగానే అన్నాడు కదా వాడు.

గోడ ఆరకపోతే సరి.

ఆ మర్నాటి నుంచి, ఆయన వాకింగుకీ, కొడుకు దుకాణానికీ వెళ్లాక, ఆవిడ తడిగుడ్డ పట్టుకుని సెల్లారులోకి దిగేది. టేపు ఒక మూల మెల్లగా ఊడదీసి, ప్లాస్టిక్ లోపలివైపు గుడ్డతో అద్ది, మళ్లీ ఎక్కడిదక్కడ అంటించేది. కళంటే కళే, ఎక్కువ తడిపితే కారుతుంది, తక్కువైతే ఆరిపోతుంది. రెండు మూడు రోజుల్లో చెయ్యి తిరిగింది. ముత్యాలు పేర్చినట్టు వచ్చేవి బిందువులు.

మేస్త్రీ వచ్చి చూసి పైకప్పు వంక చూసేవాడు. "ఇదేం గోడమ్మా, ఇంత గాలికీ ఊరుతూనే ఉంది."

"దానికేం కష్టం వచ్చిందో" అనేది కండక్టరమ్మ.

కొడుకు రోజూ సాయంత్రం దిగి చూసి ఉసూరుమంటూ ఎక్కేవాడు. తోలు చెప్పుల్ని చెమ్మలో పెడితే బూజుపట్టి నాశనమవుతాయి. ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఒక పొద్దున ఆవిడ గుడ్డ పిండుకుంటూ దిగేసరికి మేస్త్రీ కొత్త ముక్కలు కొన్ని అంటించి వెళ్లినట్టు కనిపించింది. కిటికీ కింద ఒకటి. మెట్ల పక్కన ఒకటి. ఇంకొకటి తలుపు మీద. తలుపు మీద ఎందుకంటించాడో ఆవిడకి బోధపడలేదు గానీ, మేస్త్రీ పని మేస్త్రీది, తన పని తనది. శ్రద్ధగా అన్నిటికీ చెమట పట్టించి వచ్చింది.

మేస్త్రీ వచ్చాడు. గోడలు చూశాడు. తలుపు దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాడు. తర్వాత వంటింటి గుమ్మంలోకి వచ్చి, యథాప్రకారం పైకప్పు వంక చూశాడు.

"ఇన్నేళ్లనించి ఈ పని చేస్తున్నానమ్మా. ఇటుక తడి పీలుస్తుంది, చెక్క పీలుస్తుంది, సిమెంటు పీలుస్తుంది. ఇనప తలుపు పీలుస్తుందని మాత్రం ఇవాళే తెలిసింది."

కండక్టరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. జీవితంలో మొదటిసారి టిక్కెట్టు లేని ప్రయాణికురాలి ముఖం ఆవిడ పెట్టింది.

తప్పేదేముంది, కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. చెయ్యి సంగతీ, ఆ డబ్బాల్లో మరల సంగతీ. మేస్త్రీ విని మరోసారి పైకప్పు వంక చూశాడు.

"మా అమ్మ రేడియో కూడా మీవారి దగ్గరే ఉందమ్మా" అన్నాడు. "మీ చేత అట్టముక్క ఇప్పించుకోవడం నాకింకా కుదరలేదు."

"వరసలో మొదటి నెంబరు నీదే" అంది ఆవిడ.

ఆ సాయంత్రం కొడుకు అడిగితే మేస్త్రీ, "బాబూ, ఈ గోడ సంగతి నా చేతుల్లో లేదు. నన్నడిగితే చెప్పులు మాత్రం ఇందులో పెట్టొద్దు" అన్నాడు. ఒక్క ముక్క అబద్ధం చెప్పలేదు. కొడుకు దుకాణం వెనక వీధిలో వేరే గది చూసుకున్నాడు.

ఇంత బాగా నడిపానని కండక్టరమ్మ లోలోపల మురిసిపోతూ, ఆ గుడ్డని కనబడకుండా ఆరేస్తుంటే వెనక నుంచి కోడలు పలికింది.

"అత్తయ్యా, గోడలకి ఇవాళ్టి స్నానం అయిపోయిందా?"

ఆవిడ ఉలిక్కిపడింది. "నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. రాత్రి డ్యూటీ చేసొచ్చి ఇంట్లోనే పడుకున్నాను కదా. చప్పుడైతే మెట్ల మీంచి తొంగిచూశాను."

"మరి వాడికి చెప్పలేదేం?"

"మావయ్యగారికి చోటు పోతుందని. ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఎవరనుకున్నారు? మీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని వినడమే గానీ, ఆ తలదన్నేది రోజూ తన పక్కనే కూరలు తరుగుతోందని కండక్టరమ్మ ఊహించలేదు. కోడలి వంక ఎగాదిగా చూసింది. ఆ చూపులో కొంచెం అసూయ, బోలెడంత గౌరవం ఉన్నాయి. "నువ్వు బస్సులో చేరాల్సింది" అంది. అంతకు మించిన మెప్పు ఆవిడ దగ్గర లేదు.

గోడలని ఇక ఆరనిచ్చారు. గిలాబు వేశారు, సున్నం కొట్టారు. అరలన్నీ నేలకి బాగా ఎత్తున బిగించారు. బల్ల కాళ్ల కింద ఇటుకలు పెట్టారు. బల్లకి అటువైపు రేపుగారు, ఇటువైపు టంకం కడ్డీతో కండక్టరమ్మ కూర్చున్నారు. తీగ చూపించడం ఆయన పని, అతకడం ఆవిడ పని.

మేస్త్రీ అమ్మగారి రేడియోతో మొదలుపెట్టారు. "ఎడమ వైపు తీగ" అన్నాడాయన.

"ఏ ఎడమ? మీదా, నాదా?"

"రేడియోది."

"రేడియో నాకు చెప్పలేదుగా."

మొదటి అతుకు చింతగింజంత లావు వచ్చింది. రెండోది బల్లకి అతుక్కుంది. మూడోదానికి ఆవిడ చీర చెంగు కాలి కన్నం పడింది. మిల్లులో ఎందరికో పని నేర్పినవాడే, ఒక్కరి మీద గొంతెత్తి ఎరగడు, ఇప్పుడు సెల్లారు దద్దరిల్లేలా అరుస్తున్నాడు. ఆవిడ అంతకు రెట్టింపు అరుస్తోంది. కిటికీల దగ్గర ఆగిన పాదాలు కదలడం లేదు. "గయ్యాళి, మళ్లీ ఆయన్ని సతాయిస్తోంది" అని పైనెవరో అన్నారు.

రేడియో పలికిన రోజున ఆయన అరుపు మానేశాడు. వణికే చేతిని ఆవిడ చేతి మీద వేసి కాసేపు ఉంచాడు. ఆవిడ కదలకుండా ఉంది, కడ్డీ వేడిగా ఉంది కాబట్టి కదలడానికి వీల్లేదు కూడా.

ఒకనాడు కొడుకు ఏదో అడగడానికి మెట్లు దిగాడు. అమ్మ చేతిలో కడ్డీ, నాన్న చేతిలో వణుకుతున్న టార్చిలైటు చూశాడు. గోడ మీద అరచెయ్యి ఆనించాడు.

"పూర్తిగా ఆరినట్టుందే."

"ఈమధ్యే ఆరిందిరా" అంది కండక్టరమ్మ, తల ఎత్తకుండా.

కొడుకు వచ్చిన పని మరిచిపోయి మెట్లెక్కాడు. మర్నాడు దుకాణం నుంచి వస్తూ బల్ల అంచుకి బిగించుకునే దీపం ఒకటి తెచ్చి, బిగించి, పైకి వెళ్లిపోయాడు. టార్చిలైటు పట్టుకునే పని లేకపోవడంతో ఆయనకి అరవడానికి మరింత తీరిక దొరికింది.

దర్జీ ఫ్యాను ఇచ్చేశాక రెండ్రోజులకి అతను ఫిర్యాదుతో వచ్చాడు.

"బ్రహ్మాండంగా తిరుగుతోందక్కా. కానీ గాలి కిందికి రావడం లేదు."

ఆయన వెళ్లి చూసి తల పట్టుకున్నాడు. ఆవిడ రెండు తీగలు అటుదిటు అతికింది. ఫ్యాను వెనక్కి తిరుగుతూ గాలిని పైకప్పుకి తోస్తోంది. విప్పి సరిచేస్తానని నిచ్చెన ఎక్కబోతే కండక్టరమ్మ అడ్డం పడింది.

"ఆగండి. ఏం నాయనా, ఈ రెండ్రోజుల్లో నీ గుడ్డముక్కలేమైనా ఎగిరాయా?"

దర్జీ ఆలోచించాడు. ఎగరలేదు. కత్తిరించినవి కత్తిరించిన చోటే ఉన్నాయి. దారపు ఉండలు దొర్లలేదు. ఉక్క కూడా అంతగా లేదు. అతను నిచ్చెన తీసి గోడకి ఆనించేశాడు. రేపుగారు ఎంత బతిమాలినా దాన్ని ముట్టుకోనివ్వలేదు.

ఆ మాట ఎదురింటి టీచరమ్మ చెవిన పడింది. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు కాగితాలు చెదిరిపోతున్నాయనీ, తన గదిలో ఫ్యానుని కూడా అలాగే తిప్పించమనీ వచ్చి అడిగింది. బాగున్న యంత్రాన్ని చెడగొట్టడం తన వల్ల కాదని ఆయన ససేమిరా అన్నాడు. కండక్టరమ్మ మాత్రం గడియారం వంక చూసింది. ఆయన వాకింగుకి వెళ్లేదాకా ఆగి, కడ్డీ కొంగులో చుట్టుకుని, రోడ్డు దాటింది.